ఇంజన్ మార్చొద్దు తమ్ముడూ, ముందు కొలతలు తీయించు

తాతగారి 1968 అంబాసిడర్ మార్క్ 2 పద్దెనిమిదేళ్లుగా పాకలో పడి ఉంది, ఇంజన్ బిగుసుకుపోయింది, నడిచిన రోజుల్లోనే గేర్లు కరకరమనేవి, ఇప్పుడు మీ ఊరి మెకానిక్కేమో "ఈ పాతవన్నీ ఎవరు చేస్తారండీ, డీజిల్ ఇంజనూ ఐదు గేర్ల బాక్సూ పెట్టేద్దాం" అంటున్నాడు, ఏం చేయమంటావు అన్నా అని అడిగావు. అన్నా అన్నావు కాబట్టి నువ్వనే పిలుస్తాను, ఏమనుకోకు. నేను ఇలాంటి అంబాసిడర్లు నాలుగు, ఒక ఫియట్ విప్పి బిగించాను. వాటిలో ఒకటి రెండుసార్లు విప్పాల్సి వచ్చింది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంజన్ మాత్రం మార్చొద్దు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టారు, యాభై ఏళ్లు దాటిన బండికే అది వర్తిస్తుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు అన్నది అందులో షరతు. మీ బండి 1968ది, వయసుకి సరిపోతుంది. డీజిల్ ఇంజన్ పెట్టిన రోజే ఆ దారి మూసుకుపోతుంది, పైగా ఆర్‌సిలో ఇంజన్ నంబరు మార్పించుకునే తిరుగుడు ఒకటి. ఇవన్నీ పక్కన పెట్టినా, ఆ ఇంజన్ అంత సులువైనది ఇంకోటి లేదు. బ్రిటన్ కంపెనీ బీఎంసీ వాళ్ల బి-సిరీస్ 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, క్రాంకుని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) మోసే మెయిన్ బేరింగులు మూడు, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. ఓపిక ఉన్నవాడు ఇంట్లో విప్పగలడు.

స్పేర్ల షాపులో ఒక జాగ్రత్త. ఉత్తరపర ఫ్యాక్టరీలో అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి "ఓ, అంబాసిడరా, అన్నీ దొరుకుతాయి" అంటారు. కానీ మధ్యలో ఇంజన్లు మారాయి. తర్వాత వచ్చిన 1.8 ఇసుజు ఇంజన్ సామానుకీ నీ ఇంజన్‌కీ చుట్టరికమే లేదు. ఇంకో తిరకాసు ఏంటంటే డీజిల్ ఇంజన్ కూడా 1489 సీసీనే, బోరూ (సిలిండర్ వ్యాసం) స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) కూడా అవే. నువ్వు "1489 పిస్టన్ సెట్" అని మాత్రమే అడిగితే కౌంటర్లో కుర్రాడు డీజిల్ సెట్ చేతిలో పెడతాడు. ప్రతిసారీ "పాత పెట్రోల్, ఓవర్‌హెడ్ వాల్వు" అని పూర్తిగా చెప్పి, పాత ముక్క పక్కన పెట్టి చూసుకునే డబ్బులివ్వు. విజయవాడ ఆటోనగర్‌లో వెతుకు, అక్కడ దొరకనివి చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ వైపు దొరుకుతాయి.

ఇప్పుడు బిగుసుకున్న ఇంజన్ సంగతి. సెల్ఫ్ కొట్టొద్దు, గేర్లో వేసి బండిని తోయొద్దు, ట్రాక్టరు కట్టి లాగించడం అసలొద్దు. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల డీజిల్, గేరుబాక్స్ ఆయిల్ పల్చగా కలిపి పోసి వారం వదిలెయ్. రోజుకొకసారి కొంచెం పొయ్యి. ఆ తర్వాత బంపర్‌లోంచి పెట్టే స్టార్టింగ్ హ్యాండిల్‌తో మెల్లగా అటూ ఇటూ ఊపు. బలం పెట్టడం కాదు, ఊపడం. ఒక్క వేలెడు కదిలితే చాలు, ఆ కదలిక రెండో రోజుకి చుట్టవుతుంది. రెండు వారాలకీ కదలకపోతే హెడ్ తీసి పైనుంచే చూద్దువుగాని, తుప్పు ఏ సిలిండర్లో ఉందో కంటికే కనిపిస్తుంది. వాల్వు తెరుచుకుని ఉండిపోయిన సిలిండర్లోకి తేమ దిగి అదొక్కటే తుప్పుపడుతుంది, మిగతా మూడూ అద్దంలా ఉంటాయి, చాలా బండ్లలో ఇదే చూశాను.

విప్పేముందు పానాలు చూసుకో. ఇది అంగుళాల బండి, ఏఎఫ్ సైజు (నట్టు ఎదురెదురు చదునుల మధ్య దూరాన్ని అంగుళాల్లో చెప్పే) పానాలే కావాలి. అర అంగుళం, తొమ్మిది బై పదహారు, ఇలాంటివి. 13 నంబరు (మి.మీ) పానా అర అంగుళం నట్టుకి పట్టినట్టే ఉంటుంది, గట్టిగా తిప్పగానే మూలలు అరిగి నట్టు గుండ్రంగా తయారవుతుంది. పాత అంబాసిడర్లలో సగం నట్లకి అదే గతి.

హెడ్డుకి పదకొండు నట్లు. వాటిలో నాలుగు రాకర్ షాఫ్టు (వాల్వుల్ని నొక్కే రాకర్ల ఇరుసు) స్టాండుల్ని కూడా పట్టుకుని ఉంటాయి. రాకర్లు మాత్రమే తీద్దామని ఆ నాలుగు విప్పావనుకో, హెడ్ ఒక పక్కకి లేచి నీళ్లు సిలిండర్లోకి దిగుతాయి. అందుకని రాకర్ ముట్టుకోవాలన్నా ముందు రేడియేటర్ ఖాళీ చేసి, పదకొండూ కొంచెం కొంచెంగా వరుసలో వదులు చెయ్యాలి. పుష్ రాడ్లు అట్టముక్కకి ఎనిమిది చిల్లులు పొడిచి వరుస తప్పకుండా గుచ్చు. కనెక్టింగ్ రాడ్లకి బిగ్ ఎండ్ (క్రాంకుని పట్టుకునే కింది చివర) ఏటవాలుగా కోసి ఉంటుంది, అందుకే పిస్టనూ రాడ్డూ కలిసి పైనుంచే వస్తాయి. ప్రతి రాడ్డుకీ దాని మూతకీ నంబరు ఉందో లేదో చూడు, లేకపోతే తీయకముందే పంచ్ కొట్టు. మూతలు తారుమారైతే ఆ రాడ్లు ఇక పనికిరావు. ఇంకొకటి, ఈ ఇంజన్‌లో గడ్జన్ పిన్ (పిస్టన్‌ని రాడ్డుకి కలిపేది) రాడ్డు పైచివర క్లాంప్ బోల్టుతో బిగించి ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు పిన్నుకున్న గాడి బోల్టుకి ఎదురుగా రావాలి, బోల్టు వేళ్లతోనే లోపలికి దిగాలి. దిగకపోతే పిన్ను సరిగ్గా లేదని అర్థం, పానాతో తోస్తే దిగుతుంది, అలా దిగిన బోల్టు తర్వాత తెగుతుంది. తెగితే పిన్ను పక్కకి జరిగి సిలిండర్ గోడని గీసేస్తుంది.

అన్నీ విప్పాక మెకానిక్ ఒక చీటీ రాసిస్తాడు. పిస్టన్ సెట్, రింగులు, మెయిన్ బేరింగులు, బిగ్ ఎండ్ బేరింగులు, వాల్వులు, టైమింగ్ చైన్. ఆ చీటీ పట్టుకుని ఆటోనగర్ వెళ్లావా, సగం డబ్బు మట్టిపాలే. కొలత లేకుండా పార్టు కొనకూడదు. ఒక్క స్క్రూ అయినా సరే. ముందు బ్లాకూ క్రాంకూ మంచి లేత్ షాపుకి తీసుకెళ్లి కొలతలు కాగితం మీద రాయించుకో. నోటితో "బానే ఉందిలెండి" అంటే ఒప్పుకోకు.

ఏం కొలవాలంటే, స్టాండర్డ్ బోరు 2.875 అంగుళాలు, అంటే 73.025 మి.మీ. అరుగుదల ఎక్కువగా పైరింగు ఆగే చోట ఉంటుంది, అక్కడ గోరు తగిలే గట్టు కడుతుంది. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి బోర్ గేజ్ పెట్టి చూడాలి. ఆరు ఎనిమిది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తేడా వచ్చిందంటే బోరింగ్ (సిలిండర్‌ని పెద్ద సైజుకి కోయడం) తప్పదు. మూడు నాలుగు లోపుంటే హోనింగ్ (రాయితో సన్నగా రుద్దడం) చేయించి కొత్త రింగులు వేసుకోవచ్చు, దీనికి కూడా పిస్టన్లు మార్చమనేవాళ్లు ఉంటారు, నవ్వి ఊరుకో. ఒకవేళ బోరింగ్ అయితే పిస్టన్లు ముందు కొని, వాటిని షాపులో ఇచ్చి, వాటి కొలతకి బోరు చేయమను. బోరు చేసేసి తర్వాత పిస్టన్ వెతుక్కుంటే ఆ సైజు దొరక్క స్లీవులు (సిలిండర్ లోపల కొత్త గొట్టాలు) దింపాల్సొస్తుంది. రింగు గ్యాప్ అంగుళం బోరుకి మూడు నాలుగు థౌ లెక్కన తొమ్మిది నుంచి పన్నెండు థౌ. రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌తోనే కిందికి తోసి సమానంగా కూర్చోబెట్టి, అప్పుడు ఫీలర్ గేజ్ దూర్చాలి. కొత్త రింగులే కదా అని ఈ పని వదిలేసేవాళ్లే ఎక్కువ.

క్రాంకుకి మెయిన్ జర్నల్స్ (బేరింగులో తిరిగే భాగాలు) రెండంగుళాలు, బిగ్ ఎండ్ జర్నల్స్ సుమారు 1.876 అంగుళాలు. నీ క్రాంక్ ఇదివరకే ఒకసారి గ్రైండింగ్ అయి ఉండొచ్చు, యాభై ఐదేళ్లు దాటిన బండి కదా, అలా అయితే పాత బేరింగు వెనకాల 010, 020 (పది, ఇరవై థౌ తగ్గించారని) అని కొట్టి ఉంటుంది, ముందు అది చదువు. గుండ్రం తప్పితే తర్వాతి సైజుకి దింపాలి. గ్రైండింగ్ చేసేవాడికి ఒక మాట గట్టిగా చెప్పు, జర్నల్ మూలల్లో ఉండే చిన్న వంపు అలాగే ఉండాలి, చదరంగా కోసేస్తే క్రాంక్ అక్కడే చీలుతుంది. బేరింగు వేశాక ప్లాస్టిగేజ్ (నలిగే సన్నని ప్లాస్టిక్ దారం) ముక్క పెట్టి, మూత బిగించి విప్పి, అది ఎంత వెడల్పుగా నలిగిందో చూస్తే సందు తెలిసిపోతుంది. ఒకటి నుంచి రెండున్నర థౌ మధ్య రావాలి. క్రాంక్ ముందుకీ వెనక్కీ ఊగడం రెండు మూడు థౌ దాటకూడదు, దాన్ని నడిమి మెయిన్ దగ్గరున్న థ్రస్ట్ వాషర్లు చూసుకుంటాయి.

రెండుసార్లు విప్పాల్సి వచ్చిందన్నాను కదా, అది ఇక్కడే. నా రెండో బండి. బోరింగ్, గ్రైండింగ్ అన్నీ ఒక పేరున్న షాపులోనే చేయించాను, బ్లాక్ తళతళలాడుతూ వచ్చింది, నేనూ కిరోసిన్‌తో పైపైన కడిగి బిగించేశాను. మూడు వందల కిలోమీటర్లకి ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారడం మొదలైంది. విప్పి చూస్తే బిగ్ ఎండ్ బేరింగులు ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టున్నాయి. బ్లాకులో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోయే ఆయిల్ గ్యాలరీకి రెండు వైపులా ప్లగ్గులుంటాయి, వాటిని ఎవరూ తీయలేదు, హోనింగ్ పొడంతా అందులో కూర్చుని నెమ్మదిగా బేరింగుల్లోకి వచ్చింది. షాపువాడిది తప్పే, కానీ చూసుకోవాల్సింది నేను. అప్పట్నుంచి ప్లగ్గులు రెండూ తీయించి, తుపాకీ గొట్టం కడిగే పొడుగు బ్రష్షులాంటిది ఒకటి సంపాదించి, వేడి నీళ్లూ బట్టల సబ్బు పొడీ వేసి తోముతాను. కిరోసిన్ ఒక్కటే సరిపోదు, అది పొడిని జరుపుతుంది అంతే. బోర్లని తెల్లబట్టతో తుడిస్తే బట్ట తెల్లగానే రావాలి. బూడిద రంగు మరక పడినన్నాళ్లూ కడుగుతూనే ఉండు. క్రాంక్ లోపలి ఆయిల్ దారులకీ ఇదే మర్యాద.

నీళ్ల దారులు కూడా చూడు. అంబాసిడర్ వేడెక్కితే అందరూ రేడియేటర్ని తిడతారు. వెల్చ్ ప్లగ్గులు (బ్లాకు నీళ్ల దారిని మూసే రేకు బిళ్లలు) కొట్టి తీసి, వంచిన తీగతో నాలుగో సిలిండర్ వెనక గీకు. ఎర్రటి బురద ముద్దలు ముద్దలుగా వస్తుంది, మా మూడో బండిలో ఒక లోటాడు తీశాను. ఆ మూల నీళ్లు తిరక్కపోతే ఎంత కొత్త రేడియేటర్ పెట్టినా అంతే.

హెడ్డు సంగతి. ఇందులో వాల్వు సీట్లు విడిగా ఉండవు, పోత ఇనుములోనే కోసి ఉంటాయి. పాత రోజుల్లో పెట్రోల్లోని సీసం వాటికి కవచంలా ఉండేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. అందుకని హెడ్ ఎలాగూ షాపులో ఉంది కాబట్టి ఎగ్జాస్ట్ నాలుగింటికీ గట్టి సీట్లు దింపించెయ్. ఊళ్లో మెల్లగా తిరిగే బండికి అవసరం లేదనే వాళ్లున్నారు, వాళ్ల మాటలోనూ నిజముంది, కానీ ఇంకోసారి హెడ్ విప్పే ఓపిక నాకైతే ఉండదు. వాల్వు గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) వదులుగా ఉంటే పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంది, రింగులు పోయాయనుకుంటారు.

ఇక వెనక నుంచి ఆయిల్ కారడం. "బ్యాక్ సీల్ మార్చేద్దాం" అని ఎవరైనా అంటే, ఏ సీలో చూపించమను. ఈ ఇంజన్‌కి వెనక సీలే లేదు. క్రాంక్ చివర స్క్రూ మరలాంటి గాడి కోసి ఉంటుంది, ఇంజన్ తిరుగుతున్నప్పుడు అది ఆయిల్ని వెనక్కి లోపలికే తోస్తుంది. ఆగినప్పుడు రెండు చుక్కలు పడతాయి, అది దాని స్వభావం. బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రంలో ఒక స్ప్లిట్ పిన్ను వదులుగా వేలాడుతూ ఉంటుంది, ఊగుతూ ఆ రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది. దాన్ని పీకేసి ఎంసీల్ పెట్టినవాణ్ని చూశాను, ఆయిలంతా క్లచ్ ప్లేటు మీదికి చేరింది. రెండు చుక్కలు కాదు, ధారే కారుతోందంటే రింగులు పోయి లోపల గాలి ఒత్తిడి పెరిగి ఉంటుంది, లేదా వెనక మెయిన్ అరిగి ఉంటుంది.

గేరుబాక్స్. "గేరు పడితే కరకర" అన్నావు, ఏ గేరో చెప్పలేదు. ఫస్ట్ గేరైతే అది జబ్బు కాదు. ఫస్ట్‌కి సింక్రో (గేర్ల వేగాలు కలిపే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి, లేకపోతే రెండుసార్లు క్లచ్ తొక్కి వెయ్యాలి, తాతగారికి ఈ విద్య వచ్చే ఉంటుంది. ఈ ఒక్క శబ్దానికే గేరుబాక్స్ విప్పించుకున్నవాళ్లు ఉన్నారు. సెకండ్, థర్డ్ కరకరమంటే సింక్రో రింగులు అరిగాయి. ఒకటి రెండు మూడులో మోత పెట్టి టాప్‌లో నిశ్శబ్దంగా ఉంటే లే షాఫ్టూ (గేరుబాక్స్ అడుగున ఉండే పక్క ఇరుసు) దాని నీడిల్ బేరింగులూ పోయినట్టు, ఎందుకంటే టాప్ గేర్లో బలం తిన్నగా పోతుంది, లే షాఫ్ట్ మీద బరువు పడదు. న్యూట్రల్‌లో మోత పెట్టి క్లచ్ తొక్కగానే ఆగితే బాక్స్ ముందు వైపు, ఇంజన్ నుంచి వచ్చే షాఫ్టు బేరింగు చూడు. ఇవేవీ కాకుండా గేరు దొరకడం లేదు, రెండు గేర్ల మధ్య ఇరుక్కుంటోంది అంటే బాక్స్ ముట్టుకోకముందే స్టీరింగ్ కింద నుంచి వచ్చే రాడ్ల బుష్షులు చూడు, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కన ఉండే బండ్లలో పదింట ఆరింటికి జబ్బు అక్కడే.

విప్పితే, సింక్రో హబ్బుని స్లీవులోంచి లాగేటప్పుడు మొత్తాన్ని పాత తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని లాగు. లోపల స్ప్రింగుల మీద కూర్చున్న మూడు చిన్న బంతులుంటాయి, టక్కున ఎగురుతాయి. నేను మొదటిసారి నేల మీదే లాగాను, రెండు దొరికాయి, మూడోది వారం తర్వాత మా ఆవిడ చీపురుకి తగిలింది. లే షాఫ్ట్ బిగించడం ఇంకో యోగాసనం. లే గేరు గుత్తిని బాక్స్ అడుక్కి దింపి పడుకోబెట్టి, మెయిన్ షాఫ్ట్ బిగించాక, గుత్తిని పైకెత్తి షాఫ్ట్ దూర్చాలి. ఈలోగా నీడిల్ బేరింగులూ థ్రస్ట్ వాషర్లూ జారిపోకుండా గుత్తి పొడవుకి సరిగ్గా కోసిన ఉత్తుత్తి షాఫ్టు ముక్క ఒకటి, చిక్కటి గ్రీజూ పెట్టుకో. అసలు షాఫ్ట్ తోస్తుంటే ఉత్తుత్తిది అవతలి వైపు బయటికొస్తుంది. వాషర్ నాలిక దాని గాడిలో కూర్చుందో లేదో టార్చి వేసి చూడు.

ఆయిల్ విషయంలో, గేరుబాక్స్‌లో జీఎల్-5 రకం గేరు ఆయిల్ పొయ్యకు, సింక్రో రింగులు ఇత్తడి జాతివి, వాటికి అది పడదు, మాన్యువల్లో ఉన్న గ్రేడే పొయ్యి. వెనక డిఫరెన్షియల్ హైపాయిడ్ (పళ్లు ఒకదానిమీదొకటి జారే గేర్లు) కాబట్టి దానికి మాత్రం జీఎల్-5 కావాలి. రెండింటికీ ఒకే డబ్బా వాడేస్తారు మనవాళ్లు. బాక్స్ కింద ఉన్నప్పుడే క్లచ్ కార్బన్ బేరింగు మార్చెయ్, దాని కోసం మళ్లీ బాక్స్ దింపడం కంటే దండగ పని లేదు.

బిగించడంలో మెయిన్ మూతలు 70, బిగ్ ఎండ్ 35 పౌండ్-అడుగులు, టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే పానా) అద్దెకైనా తెచ్చుకో. టాపెట్లు (వాల్వుల సందు) సరిచేయడానికి తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకో, ఒకటో వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు ఎనిమిదోది సరిచెయ్, మూడోది నొక్కుకుంటే ఆరోది, ఏ రెండు కలిపినా తొమ్మిదే. మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ గేజ్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ తిప్పు, అప్పుడు ప్లగ్గులు పెట్టు. స్టార్ట్ అవ్వగానే ఐడిలింగ్‌లో వదిలేసి అందరూ చుట్టూ నిలబడి ఫొటోలు దిగొద్దు, కొత్త కామ్‌షాఫ్టో టాపెట్లో వేస్తే మొదటి ఇరవై నిమిషాలు రెండు వేల ఆర్‌పీఎం దగ్గర నడవాలి, ఐడిలింగ్‌లో వాటికి ఆయిల్ చాలదు. ఐదొందల కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, హెడ్ మళ్లీ బిగించి, టాపెట్లు మళ్లీ చూడు. అప్పటిదాకా అరవై దాటొద్దు, ఒకే స్పీడులో గంటలకొద్దీ పోవడం కూడా వద్దు.

పెట్రోల్ పంపు డయాఫ్రమ్, రబ్బరు పైపులు ఎలా ఉన్నా మార్చెయ్, ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్, పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, నిలవున్న బండి ట్యాంకులో నీళ్లు పట్టేలా చేస్తుంది. ఇథనాల్ తట్టుకునే రకం పైపులే అడుగు. నెలకోసారి తీసే బండైతే ట్యాంకు నిండుగా ఉంచు, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ మిగలనివ్వకు.

ముందు ఆ డీజిల్ పోసే పని మొదలుపెట్టు. వారం తర్వాత హ్యాండిల్ కదిలిందో లేదో, ఏ గేర్లో కరకరమనేదో మీ నాన్నగార్ని అడిగి రాయి. లేత్ షాపులో కొలతల కాగితం ఇచ్చాక దాని ఫొటో పెట్టు, పిస్టన్లు ఏ సైజు కొనాలో అప్పుడు చెబుతాను.